నేను ఊడదీసిన పచ్చ వైరు

ముప్పై ఏళ్లు సౌండ్ సిస్టం పని చేశాను. అన్నేళ్లలో ఒక మనిషిని చంపబోయింది ఒక్కసారే. ఈ పనిలో అది మంచి లెక్కే అని మా షాపు సేటు అనేవాడు. అది ఓదార్పో తిట్టో నాకు ఇప్పటికీ తెలియదు. కొత్తగా పనిలోకి వస్తున్న పిల్లలు నా దగ్గరికొచ్చి నాలుగు మంచి ముచ్చట్లు చెప్పమంటారు. మంచి ముచ్చట్లు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఇది చెప్తాను.

మాది ఆలేరు దగ్గర నేతపని కుటుంబం. బాపు మగ్గం మీద ఉంటే, మా అవ్వ అరుగు మీద కూర్చుని నూలు చిక్కు తీస్తుండేది. లాగితే ముడి బిగుస్తుంది, వదులు చేస్తే అదే దారిస్తుంది అనేది. నేను మగ్గం నేర్చుకోలేదు కానీ ఆ ఒక్క విద్య మాత్రం వేళ్లకు అంటుకుంది. మహబూబ్‌నగర్‌లో సౌండ్ షాపులో చేరాక నా అంత చక్కగా వైరు చుట్టేవాడు జిల్లాలోనే లేడని పేరొచ్చింది. ఆ పేరు ముందుగా నేనే చెప్పుకున్నానని గిట్టనివాళ్లు అంటారు. షాపులో నన్ను 'చుట్టల సారు' అని పిలిచేవారు. అది విని కొత్తవాళ్లు ఒకరిద్దరు నా దగ్గరికొచ్చి పొగాకు చుట్ట అడిగిన రోజులున్నాయి.

ఈ సంగతి తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు జరిగింది. కోస్గి దగ్గర ఒక సర్కారు బడిలో లెక్కల మాస్టరు ఉండేవాడు. కీబోర్డు, గిటారు వాయిస్తాడు, పాడతాడు కూడా. ఆదివారం చర్చిలో, మిగతా రోజుల్లో ఎవరు పిలిస్తే అక్కడ. పొద్దున యేసు పాటలకు పట్టిన గిటారును సాయంత్రం బరాత్‌లో తీన్మార్‌కు పట్టేవాడు. పాపం కాదా అని ఎవరైనా అడిగితే, తాళం తప్పితేనే పాపమని చెప్పేవాడు. ఆయన భార్య సర్కారు దవాఖానలో నర్సు. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అంటారు. చర్చి పాటల బృందాన్ని నడిపేది ఆమే. తక్కువ మాట్లాడేది, ఆ తక్కువను కూడా విన్నవాళ్లు చాలా రోజులు గుర్తుపెట్టుకునేవాళ్లు.

అక్కడికి ఆరేడు మైళ్ల దూరంలో ఒక ఊళ్లో కొత్త చర్చి కట్టారు. కూలికి పోయేవాళ్లు ఏళ్ల తరబడి రెక్కల కష్టం పోసి, ఇటుకలు తామే మోసి కట్టుకున్న చర్చి. ప్రారంభానికి సౌండు మా షాపుది, పాట మాస్టరుది. అయితే అంతకుముందు ఒక ప్రోగ్రాంలో మాస్టరు వైర్ల వల్ల గరగర వచ్చి తిట్లు మా షాపుకు పడ్డాయి. అందుకని సేటు ఒకరోజు ముందే పోయి ఆయన సామాను సర్ది రమ్మని నన్ను పంపాడు. సిస్టరమ్మ కూడా సేటుకు ఫోన్ చేసిందట. మీరు సర్దుతారా, నన్ను కత్తెర తీసుకోమంటారా అని ఒకే ప్రశ్న అడిగి పెట్టేసిందట.

పోయి చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. రెండు కీబోర్డులు, గిటారు, దాని ఆంప్లిఫయరు, చిన్న మిక్సరు, లాప్‌టాపు, కాలితో నొక్కే డబ్బాలు నాలుగు. కొన్ని బల్ల మీద, కొన్ని బల్ల కింద. వాటి మధ్య వైర్లు. వైర్లు అనడం నా మర్యాద, అదొక గడ్డివాము. అందులో పిల్లి ఈనింది. అబద్ధం కాదు, మూడు పిల్లలు, కళ్లు తెరిచి తిరుగుతున్నాయి. మాస్టరు సిగ్గుపడలేదు సరికదా, ఆంప్లిఫయరు వెనక వెచ్చగా ఉంటుందని పిల్లి తెలివిని మెచ్చుకున్నాడు. తర్వాత ఆ సామాను వాడే పద్ధతి వివరించాడు. సౌండు రాకపోతే ఎడమకాలితో బల్లను ఒకసారి తన్నాలి. గరగరమంటే నల్ల వైరును పక్కకు జరిపి దాని మీద ఇటుక పెట్టాలి. ఇటుక కూడా సామానులో భాగమే. ప్రోగ్రాంకు పోతే సంచిలో వేసుకుని పోయేవాడు.

పిల్లినీ పిల్లలనూ గంపలోకి మార్చి పని మొదలుపెట్టాను. కొసల కోసం వెతకకుండా మధ్యలోంచి వదులు చేసుకుంటూ పోయాను. ఒక్కో వైరు బయటికి వస్తుంటే మాస్టరు కుర్చీలో కూర్చుని దాని జీవితచరిత్ర చెప్తున్నాడు. ఇది పెండ్లికి ముందు కొన్నది, ఇది చచ్చిపోయిన ఫోనుది, ఇది ఎవరిదో తెలియదు కానీ పారేయొద్దు. మొత్తం నలభై ఒక్క వైర్లు తేలాయి. అందులో పద్దెనిమిదికి పని ఉంది. మిగతావాటికి జ్ఞాపకాలున్నాయి.

మధ్యలో ఒక తెల్ల వైరు ఎటు నుంచి ఎటు పోతుందో అర్థంకాక పీకేశాను. రెండు నిమిషాలకు పక్కింటి ముసలమ్మ వాకిట్లో నిలబడింది. ఆ వైరు ఆమె టీవీదట. మాస్టరు కిటికీలోంచి లోపలికొచ్చి, వైర్ల గుట్ట కిందుగా పోయి, ఇంకో కిటికీలోంచి ఆమె ఇంటికి చేరుతోంది. ఎందుకలా పోయిందో ఇద్దరికీ తెలియదు. సీరియల్లో కోడలు విషం గ్లాసు నోటిదాకా తెచ్చుకున్నప్పుడు బొమ్మ పోయిందట. నేను తిరిగి కలిపేసరికి కోడలు దవాఖానలో ఉంది. గ్లాసు ఎవరిచ్చారో చూడనీయలేదని ముసలమ్మ నన్ను పెట్టిన శాపనార్థాలు ఇక్కడ రాయలేను.

సాయంత్రానికి పని పూర్తయింది. ప్రతి వైరుకు రెండు కొసలా చీటీ అంటించాను. ఒక చెక్క మీద అన్నీ వరుసగా పరిచి, ప్లాస్టిక్ టైలతో జడ అల్లినట్టు బిగించాను. ఇటుకను పెరట్లో పెట్టించాను. మాస్టరు దానికేసి కొంచెం దిగులుగా చూశాడు. స్విచ్ వేశాను.

గుయ్‌మని రొద. ఒక పెద్ద ఈగ సీసాలో పడ్డట్టు.

వైర్లు విప్పి చూశాను, మార్చి చూశాను. పోలేదు. మాస్టరు కుర్చీలోంచి కదలకుండా, ఎంతో మర్యాదగా, "ఆగమాగం ఉన్నప్పుడు గీ లొల్లి లేకుండె గదన్నా" అన్నాడు.

పిల్లలూ, తప్పులన్నీ తెలియక జరగవు. తెలివైన పనివాడికి అందరి ముందు పరువు పోయినప్పుడు కూడా జరుగుతాయి. ఆ రొద ఎందుకొచ్చిందో నెమ్మదిగా ఆలోచిస్తే తెలిసేది. నేను ఆలోచించలేదు. మా కాలపు ఆపరేటర్లందరికీ తెలిసిన ఒక దొంగ చిట్కా ఉంది, అది చేశాను. ఆంప్లిఫయరు ప్లగ్గు విప్పి, పెద్ద పిన్నుకున్న పచ్చ వైరు ఊడదీసి, దానికి టేపు చుట్టి, మళ్లీ బిగించాను. రొద టక్కున ఆగింది. మాస్టరు చప్పట్లు కొట్టాడు.

ఆ పచ్చ వైరే ఎర్తు. లోపల ఎక్కడైనా కరెంటు దారి తప్పి ఇనుప డబ్బాకు తగిలితే, దాన్ని మనిషి జోలికి పోనీయకుండా నేలలోకి పంపేది అదే. నాకు తెలుసు. తెలియదని చెప్పుకునే అదృష్టం కూడా నాకు లేదు.

చాయ్ తెచ్చిన సిస్టరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "ఏం తీసినవన్నా?"

అక్కరలేని వైరమ్మా అన్నాను.

"అక్కరలేకుంటే కంపెనోడు ఎందుకు పెట్టిండు?"

కంపెనీవాళ్లకు పనేముంది, ఏదో ఒకటి పెడుతుంటారని చెప్పి నవ్వాను. ఆమె నవ్వలేదు. చాయ్ మాత్రం బాగుంది.

మర్నాడు పొద్దున్నే డీసీఎం వ్యానులో సామానంతా ఆ ఊరికి తీసుకుపోయాము. రోడ్డంతా గుంతలే, ఎత్తేసినప్పుడల్లా వెనక పెట్టెలు ఎగిరి పడుతున్నాయి. చర్చి చిన్నదే కానీ ముచ్చటగా ఉంది. ఆడవాళ్లు తెల్లవారకముందే బండలు కడిగారు, ఇంకా తడి ఆరలేదు. అక్కడ ఒకాయన నన్ను వెంటబెట్టుకుని తిప్పాడు. ఊళ్లో అందరూ ఆయనను బొంబాయన్న అంటారు. ఇరవై ఏళ్లు బొంబాయిలో కూలి చేసి, అక్కడే కరెంటు పని నేర్చుకుని తిరిగొచ్చాడు. చర్చి వైరింగు మొత్తం కూలి తీసుకోకుండా చేశాడు. వెనక ఎర్తు కోసం లోతుగా గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి గొట్టం దించిన చోటు చూపించాడు. పెద్ద ఇంజనీరులా తల ఊపి, మంచిగుందన్నా అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ ఎర్తు మా ఆంప్లిఫయరు దాకా రాదని ఆయనకు తెలియదు.

నేను మిక్సరు దగ్గర, అందరికంటే వెనక కూర్చున్నాను. మాస్టరు ముందర, ఎత్తు మీద. చెప్పులు బయట విడిచి, తడి బండల మీద ఉత్త కాళ్లతో నిలబడ్డాడు. మొదటి పాట కీబోర్డు మీద అయిపోయింది. రెండో పాటకు గిటారు వేసుకున్నాడు. ఎడమచేత్తో తీగలు పట్టుకుని, మైకు కొంచెం వంగిందని కుడిచేత్తో దాన్ని సరిచేయబోయాడు.

చేయి మైకు మీదే ఉండిపోయింది. ఒళ్లంతా వణకడం మొదలైంది. తల వెనక్కి వాలింది, నోట్లోంచి మాట కాని శబ్దం ఏదో వచ్చింది.

ముందు వరసలో ఎవరో హల్లెలూయ అన్నారు. తర్వాత అందరూ అన్నారు. కొత్త చర్చి, మొదటి రోజు, రెండో పాట. పాడే మనిషికి పూనకంలా వస్తే పరిశుద్ధాత్మ దిగిందనుకోక ఏమనుకుంటారు? కొందరు చేతులెత్తారు. ఒక ముసలామె ఏడుస్తూ మోకాళ్ల మీద కూర్చుంది. దిగింది ఆత్మ కాదని ఆ హాలు మొత్తంలో అప్పటికి తెలిసింది ఇద్దరికే.

నేను పరుగెత్తాను. ప్లగ్గు పీకితే చాలు. కానీ నేను చుట్టల సారును కదా. ఎవరి కాలో తగిలి ఊడొద్దని ప్లగ్గులన్నిటినీ బోర్డుకు కలిపి, స్విచ్చుల మీదుగానే టైలతో బిగించి పెట్టాను. లాగితే రాలేదు. ఇంకా గట్టిగా లాగితే బోర్డే నా చేతిలోకి వచ్చింది, ప్లగ్గు రాలేదు. జేబులో కట్టరు కోసం వెతుకుతున్నాను. ఆ గడ్డివాము అలాగే ఉండి ఉంటే ఎక్కడ పట్టుకుని గుంజినా ఊడేది.

నేను జేబులు తడుముకుంటుండగానే సిస్టరమ్మ పాటల బృందంలోంచి దూకింది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి రెండు చేతులా ఎత్తి, మొగుడి కుడిచేయి మీద శక్తికొద్దీ కొట్టింది. మైకు ఎగిరి అంత దూరాన పడింది. మాస్టరు గిటారుతో సహా కూలిపోయాడు, దాని వైరు ఊడి పక్కన పడింది. హల్లెలూయలు ఆగిపోయాయి. ఆమె మోకాళ్ల మీద కూర్చుని మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసింది, ఛాతీ మీద చెవి ఆనించింది. ఆ కొద్ది క్షణాలు నేను ఎలా గడిపానో రాయలేను. కట్టరు మాత్రం అప్పుడు దొరికింది.

మాస్టరు కళ్లు తెరిచి పైకప్పు చూశాడు. తర్వాత భార్యను చూశాడు. "తాళం తప్పిన్నా?" అని అడిగాడు.

ఆయనను కారులో కోస్గి దవాఖానకు తీసుకుపోయారు, సిస్టరమ్మ వెంట పోయింది. ఇక్కడ పెద్దమనుషులు కూడారు. గాలి ఎటు మళ్లిందో అర్థం కావడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. కొత్త బిల్డింగు, కొత్త వైరింగు, చేసినాయన చదువుకున్న ఎలక్ట్రీషియన్ కాడు. ఉత్తగ చేయించుకుంటే పని గట్లనే ఉంటుందని ఒకాయన అననే అన్నాడు. బొంబాయన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తప్పు తనదే అయ్యుంటుందని ఆయన కూడా నమ్మేశాడు, ఆ ముఖం చూస్తే తెలుస్తోంది.

నేను బయటికొచ్చి సేటుకు ఫోన్ చేశాను. వోల్టేజీ ఎక్కువొచ్చిందని చెప్పు, లేకపోతే ఏమీ చెప్పకు అన్నాడు. రెండోది సులువు, అదే చేశాను. భోజనాలకు పిలిస్తే పోయి కూర్చున్నాను. పరుగెత్తింది ఈయనే కదా పాపం అని ఒకామె నాకు మాంసం రెండోసారి వేసింది. సిగ్గుతో ఆకలి చచ్చిపోతుందని కథల్లో రాస్తారు. నాకు చావలేదు, తిన్నాను.

చేయి కడుక్కోవడానికి వెనక్కి పోతే బొంబాయన్న ఒక్కడే ఎండలో ఎర్తు గొయ్యి తవ్వుతున్నాడు. పొద్దున మురిసిపోతూ చూపించిన గొయ్యే. నడుము లోతు దిగి, ఉప్పూ బొగ్గూ పైకి తోడుతున్నాడు. అన్నం తిననేలేదు. ఎక్కడ తప్పు చేశానో చూసుకుంటున్నానని అన్నాడు, నేను అడగకుండానే.

అక్కడే గట్టు మీద కూర్చుని చెప్పేశాను. రొద, ప్లగ్గు, పచ్చ వైరు, టేపు, అన్నీ. ఆయన పార ఆపి విన్నాడు. తిడతాడేమో, కొడతాడేమో అనుకున్నాను. పార చేతిలోనే ఉంది మరి. దాన్ని మట్టిలో గుచ్చాడు.

"నాతోని చెప్తె ఏమొస్తదన్నా?" అన్నాడు. "నువ్వు మాపటికి డీసీఎం ఎక్కి పోతవు. నేను గీ ఊర్లెనే బతకాలె. వాండ్లంత తింటున్నరు, లేసిపోకముందు అందరి ముంగట చెప్పు."

గొయ్యిలోంచి పైకి రావడానికి చేయి అందించాను. పట్టుకోకుండా తనే ఎక్కాడు.

మేము ముందుకు వచ్చేసరికి కారు తిరిగొచ్చింది. గుండె పరీక్ష చేసి, రెండు గంటలు పండబెట్టి పంపించారట. మాస్టరు కుడిచేతికి కట్టు, కుర్చీ దెబ్బకు. ఎడమచేతి వేళ్ల మీద తీగల మేర కాలిన గుర్తులు ఉన్నాయి. జనం ఆయన చుట్టూ మూగారు. ఇద్దరు తల్లులు పిల్లలను తీసుకొచ్చి, తల మీద చేయి పెట్టి ప్రార్థన చేయమంటున్నారు. ఆత్మ తాకిన మనిషి కదా. మాస్టరుకు అది అంత ఇబ్బందిగా ఉన్నట్టు కనిపించలేదు.

నేను చర్చి మెట్ల మీద నిలబడి చెప్పాను. జీవితమంతా వేరేవాళ్లకు మైకు పెట్టినవాణ్ని, మైకు లేకుండా మాట్లాడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. బొంబాయన్న పనిలో వీసమెత్తు తప్పు లేదని, తప్పంతా పచ్చ వైరు ఊడదీసిన నాదని, తెలిసే చేశానని చెప్పాను. రెండోసారి వేయించుకుని తిన్న మాంసం గురించి చెప్పలేదు.

పాస్టరుగారు నేల చూస్తున్నారు. పొద్దున మోకాళ్ల మీద ఏడ్చిన ముసలామె కర్ర పొడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది. "కరెంటు నీదే గావొచ్చు బిడ్డా," అంది, దగ్గరిదగ్గర జాలితో. "మరి బతికిచ్చిందెవరు? గది చెప్పు."

"నేనే అవ్వా," అంది సిస్టరమ్మ వెనక నుంచి. "కుర్చీతోని."

మొదట నవ్వింది పాస్టరుగారే. తర్వాత నవ్వనిది ఇద్దరమే, నేనూ మాస్టరూ. మాస్టరు నన్ను పక్కకు పిలిచి, ఒక్కపూట ఆగి చెప్తే నీ సొమ్మేం పోయేదన్నా అని నిజంగానే బాధపడ్డాడు. బొంబాయన్నకు ఉత్తపని అని మాట పడేసిన పెద్దమనిషి తనే ఇస్తరాకు వేసి, దగ్గర కూర్చుని వడ్డించాడు. క్షమాపణ అనే మాట ఎవరి నోటా రాలేదు. మాంసం ముక్కలు మాత్రం చాలా పడ్డాయి.

మరుసటి ఆదివారం బొంబాయన్నను వెంటబెట్టుకుని మాస్టరు ఇంటికి పోయాను. రమ్మని సిస్టరమ్మ కబురు చేసింది. మొదలుపెట్టిన పని ముగించి పొమ్మంది. ఆంప్లిఫయరు విప్పితే లోపల కరెంటు వైరు మీది తొడుగు కొరికేసి ఉంది. చిన్న చిన్న పంటి గుర్తులు. పిల్లి పిల్లలో, ఎలుకలో, సాక్ష్యం చెప్పడానికి ఎవరూ రాలేదు. గుంతల్లో డీసీఎం కుదుపులకు ఆ మిగిలిన తొడుగు కూడా పోయి, రాగి తీగ డబ్బాకు తగిలింది. ఆ కరెంటు గిటారు తీగల్లోకి వచ్చి, మాస్టరు ఒంటి మీదుగా ఎర్తున్న మైకులోకి దారి చూసుకుంది. పచ్చ వైరు ఉండి ఉంటే ఫ్యూజు పోయేది, పాట ఆగేది, అంతే.

మరి ఆ రొద? నేను అందం కోసమని ఆంప్లిఫయరును ఈ గదిలో బోర్డుకు, మిక్సరును పక్కగది బోర్డుకు కలిపాను. ఎర్తు రెండు దారుల్లో వచ్చి ఆ రెండింటి మధ్య గుయ్‌మంది. బొంబాయన్న రెండింటినీ ఒకే బోర్డుకు కలిపాడు. రొద లేదు. ఆయనకు పట్టింది చాయ్ చల్లారేంత సేపు. నా వైపు చూడకుండా చాయ్ తాగాడు. అది ఆయన మంచితనం.

సేటు నన్ను మూడు నెలలు మిక్సరు ముట్టనీయలేదు. లోడింగు వాళ్లతో కలిసి పెట్టెలు మోశాను. నేను చుట్టిన వైర్లను నేనే మోస్తుంటే వాటి బరువు తెలిసింది. ఆ తర్వాత కోస్గి, కొత్తకోట వైపు ఎక్కడ ప్రోగ్రాం పడ్డా ముందు బొంబాయన్నకు ఫోన్ చేసి, వచ్చి ఎర్తు చూడమని అడిగేవాణ్ని. ఎప్పుడూ వచ్చేవాడు. ఒకసారి మాత్రం, నీకు ఇంత చదువు నేర్పింది ఎవరన్నా అని అడిగితే, బొంబాయిలో పక్కన పనిచేసిన మనిషి చచ్చిపోయి నేర్పిండు అన్నాడు. మళ్లీ అడగలేదు.

మీకు ఇప్పుడు నాకంటే మంచి సామాను ఉంది, ఏదైనా తెలియకపోతే ఫోన్లో వీడియోలున్నాయి. ఆ వీడియోల్లో కూడా ఈ పచ్చ వైరు చిట్కా నవ్వుకుంటూ చెప్పేవాళ్లు కనిపించారు. రొద వస్తే వెతకండి. దొరకకపోతే రొదతోనే పాడించండి. రొద విని చచ్చినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు.

నేను పని మానేసినప్పుడు షాపువాళ్లు మహబూబ్‌నగర్‌లో చిన్న సన్మానం పెట్టారు. శాలువా కప్పారు, లేని గుణాలు చాలా చెప్పారు. చివర్లో మాస్టరును మాట్లాడమన్నారు. ఆయన స్టేజీ ఎక్కి, చెప్పులు విడవకుండా మైకు ముందు నిలబడ్డాడు. జేబులోంచి టెస్టర్ తీశాడు. దాని కొసను మైకుకు ఆనించి, వంగి, బల్బు వెలగడం లేదని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. హాలంతా పగలబడి నవ్వింది. ఆయన నవ్వలేదు, టెస్టర్ జేబులో పెట్టుకుని అప్పుడు మైకు పట్టుకున్నాడు.

నా గురించి ఆయన ఏం మాట్లాడాడో గుర్తులేదు. ఆ సాయంత్రం మొత్తం మీద నాకు నచ్చిన పని అదొక్కటే.